రక్తపు గడ్డ – దాని చికిత్స – మన వ్రత నియమాలు



యీ సంచికకు ఆరోగ్య విషయం ఒకటి వ్రాయమని సంపాదకులు అడిగినప్పుడు సందేహించాను. నేను డాక్టరును కాను. హైస్కూలు చదువుతో రాబర్ట్‌సన్‌పేటలో బట్టల కొట్టు నడుపుకొనే వర్తకుణ్ణి. అయినా మా యింట ఒక జబ్బు వచ్చి, మా అజ్ఞానం వలన రెండుసార్లు ప్రాణం మీదికి తెచ్చింది. ఆ తరువాత డాక్టర్లను అడిగి, పుస్తకాలు చూచి నేర్చుకొన్నది నాలుగు మాటలలో వ్రాస్తే మరొక యింటివారికైనా పనికివస్తుందని కలం పట్టాను.

మా యింట జరిగినది

2011 చైత్రంలో మా అన్నగారు పాలీతానా యాత్రకు వెళ్ళారు. పోనూ రానూ రైలులో దినాల తరబడి కూర్చోవడం, యెండాకాలం, దారిలో దొరికే నీరు త్రాగరాదను నియమం వుండుటచే నీరు తక్కువ, సూర్యాస్తమయం తరువాత చౌవిహారం గనుక నీరే లేదు. యింటికి వచ్చిన మరునాడు యెడమ కాలి పిక్క వాచింది, నొప్పి కూడా వున్నది. కొట్టుకు వచ్చిన వారొకరు "నరం పట్టింది, నూనె రాసి గట్టిగా మర్దన చేయించండి" అన్నారు. మేమూ అదే చేశాము. మూడవ దినం ఉదయం ఆయన గాదీ మీద నుండి లేవబోయి, ఊపిరి ఆడక, చెమటలు పట్టి అక్కడే కూలబడ్డారు. కారులో వేసుకొని బెంగుళూరుకు పరుగెత్తాము. అక్కడ సి.టి. తీసి, కాలిలోని గడ్డ ముక్క తెగి ఊపిరితిత్తులకు పోయిందన్నారు. భగవంతుని దయవలన బ్రతికారు.

డాక్టరుగారు మాతో అన్న మొదటి మాట యిది: "సేఠ్‌జీ, ఒక్క కాలే వాచినప్పుడు అది నరం పట్టడం కాదని యింట్లో ఒక్కరికి తోచినా యింతదాకా వచ్చేది కాదు."

రక్తం గడ్డ కట్టడమంటే యేమి?

వ్రేలు తెగితే రక్తం కొంచెంసేపు కారి ఆగిపోతుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు అను చిన్న కణాలు తెగినచోట గుమిగూడి అంటుకొంటాయి. వాటిమీద ఫైబ్రిన్ అను సన్నని దారములు వలవలె అల్లుకొని ద్వారమును మూసివేస్తాయి. యిది లేకపోతే చిన్న గాయానికే మనిషి పోవలసివస్తుంది. కావున గడ్డ కట్టడం దోషము కాదు, శరీరమునకు కాపలా వంటిది. గాయం లేనిచోట, నడిచే రక్తనాళము లోపలనే గడ్డ కట్టినప్పుడే అది రోగము.

కాలి సిరలో పుట్టిన గడ్డ తెగి ఊపిరితిత్తులకు పోగలదని 19వ శతాబ్దంలో విర్షో అను జర్మన్ వైద్యుడు తెలియజేశాడు. ఆయన పేరుతో మూడు కారణాలను వైద్య విద్యార్థులు నేటికీ వల్లిస్తారు. ఒకటి, రక్తం నడక మందగించడం. రెండు, నాళపు గోడకు దెబ్బ తగలడం. మూడు, రక్తమే త్వరగా గడ్డకట్టే స్థితికి రావడం.

యీ మూడింటినీ మన జీవితంలో పెట్టి చూడండి. ప్రొద్దున కొట్టు తెరచినది మొదలు రాత్రి వరకు మనం గాదీ మీద కాళ్ళు ముడుచుకొని కూర్చొంటాము. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన నాటినుండి మన కె.జి.యఫ్. జనం వేలకొద్ది మారికుప్పం రైలులో దినమూ బెంగుళూరు పోయి వస్తున్నారు. అక్కడా గంటల తరబడి కూర్చోవడమే. పిక్క కండరములు ఆడినప్పుడే కాలి రక్తం పైకి నెట్టబడుతుంది, కూర్చొంటే అది మందగిస్తుంది. ఆపరేషను, కాలు విరగడం, పొగాకు, మధుమేహము, రక్తపు పోటు నాళములకు దెబ్బతీస్తాయి. క్యాన్సరు, గర్భము, ప్రసవం తరువాతి వారములు, కొన్ని హార్మోను మాత్రలు రక్తాన్ని త్వరగా గడ్డకట్టేటట్లు చేస్తాయి. వొంటిలో నీరు తగ్గినా రక్తం చిక్కబడుతుంది.

యిక్కడ స్త్రీలకు ఒక మాట. యాత్రకో పూజకో ముందు ఋతువు వాయిదా పడడానికి మందుల షాపులో మాత్రలు అడిగి తెచ్చుకోవడం మన యిళ్ళలో వున్నది. అవి హార్మోను మాత్రలు. పూర్వం గడ్డ వచ్చినవారికీ, వంశంలో ఆ జబ్బు వున్నవారికీ వాటివలన ప్రమాదం కలుగవచ్చును. లేడీ డాక్టరును అడుగక వేసుకోరాదు.

గుర్తులు

కాలి సిరలో గడ్డ కడితే సాధారణంగా ఒక్క కాలే వాస్తుంది. పిక్కలో నొప్పి, వేడి, యెరుపు వుండవచ్చును. యీ కాలిని మర్దన చేయరాదు. డాక్టరు డాప్లర్ స్కాను తీసి గడ్డ వున్నదీ లేనిదీ చెప్పగలరు.

ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోతే హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు రొమ్ములో పోటు, దగ్గులో రక్తం, కండ్లు తిరిగి పడిపోవడం కలుగుతాయి. గుండె ధమనిలో గడ్డ కడితే గుండెపోటు: రొమ్ము బిగబట్టినట్లుండి నొప్పి యెడమ చేతికి, దవడకు ప్రాకుతుంది. మధుమేహం వున్నవారికి నొప్పి తెలియక ఆయాసము, చెమట మాత్రమే రావచ్చును. మెదడు ధమనిలో అయితే పక్షవాతం: మూతి ఒక వైపు జారడం, ఒక చేయి లేవకపోవడం, మాట తడబడడం. యీ మూడింటిలో యే ఒక్కటి కనిపించినా గడియారం చూచి ఆ సమయం వ్రాసుకోవలెను. ఆస్పత్రిలో మొట్టమొదట అడిగేది అదే.

మందులు మూడు విధములు

"రక్తం పలుచన చేసే మందు" అని మనం అన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తాము. కాని అవి మూడు తరగతులు.

మొదటిది ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి. యివి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తాయి. యెక్కువగా గుండె, మెదడు ధమనుల జబ్బుకు వాడుతారు.

రెండవది హెపారిన్ ఇంజక్షను, వార్ఫరిన్ మాత్రలు, క్రొత్తగా వచ్చిన రివరాక్సబాన్, అపిక్సబాన్, డాబిగాట్రాన్ వంటివి. యివి వున్న గడ్డను కరిగించవు. అది పెరగకుండా, క్రొత్తది పుట్టకుండా ఆపుతాయి. ఆ లోపల శరీరమే తన శక్తితో గడ్డను మెల్లగా కరిగించుకొంటుంది. అందుచేతనే కాలిలో గడ్డకు కనీసం మూడు నెలలు మందు వాడమంటారు. వాపు తగ్గిందని నెలలో మానివేయడం, అప్పు సగం తీర్చి పత్రం చించివేసినట్లే.

మూడవది నిజంగా గడ్డను కరిగించేవి: స్ట్రెప్టోకైనేస్, ఆల్టిప్లేస్, టెనెక్టిప్లేస్. గుండెపోటులోను, కొన్ని పక్షవాతములలోను, ప్రాణాపాయమైన ఊపిరితిత్తుల గడ్డలోను యిస్తారు. వీటివలన మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం కూడా వున్నది గనుక రోగిని పరిశీలించి డాక్టరే నిర్ణయిస్తారు. కొందరికి తీగ వంటి గొట్టము నాళములోనికి పంపి గడ్డను బయటకు లాగుతారు.

వార్ఫరిన్ పుట్టుక కథ చిత్రమైనది. 1920 ప్రాంతములో అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను, కెనడాలోను పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోసాగాయి. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అను గడ్డి దానికి కారణమని తేలింది. 1933 లో ఒక రైతు చచ్చిన ఆవును, పాలక్యానులో గడ్డకట్టని రక్తమును తీసుకొని మంచుతుఫానులో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చేరాడు. అక్కడి కార్ల్ లింక్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన శిష్యులు యేండ్ల తరబడి కృషి చేసి ఆ గడ్డిలోని పదార్థమును వేరుచేశారు. దానినుండి రూపొందిన వార్ఫరిన్‌ను 1948 లో మొదట యెలుకల మందుగా అమ్మారు. 1954 లో మనుష్యుల వైద్యానికి అనుమతి లభించింది. 1955 లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు యిదే యిచ్చారు. జీవహింసకు వాడిన పదార్థం ప్రాణరక్షణకు వచ్చినది. కొలతలోనే వున్నది విషమూ, ఔషధమూ.

ఆ కొలత చూచే పరీక్షను ఐ.ఎన్.ఆర్. అంటారు. మందు లేనివారికి అది సుమారు 1. కాలి గడ్డకు మందు వాడేవారికి 2 కు 3 కు మధ్య వుండవలెను. 2 కు తగ్గితే గడ్డ తిరిగి రావచ్చును, 3 దాటితే రక్తస్రావ భయం. మన భాషలో చెప్పాలంటే యిది దినవహి నిలువ వంటిది. ప్రతిదినమూ చూడనక్కరలేదు గాని నెలల తరబడి చూడకుంటే కొట్టు మునుగుతుంది.

కాలమే ప్రాణము

పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజక్షను సామాన్యంగా నాలుగున్నర గంటల లోపల యివ్వవలెను. అదీ సి.టి. తీసి, అది గడ్డ వలన వచ్చినదే గాని నరం చిట్లి కాదని చూచిన తరువాతనే. కావున పక్షవాతం వచ్చినవారికి యింటిలో ఆస్పిరిన్ వేయరాదు, నీరైనా త్రాగించరాదు. గుండెపోటులో పన్నెండు గంటల వరకు కూడా ఇంజక్షను యివ్వవచ్చును గాని, మొదటి గంటలలో యిచ్చిన దాని ఫలము వేరు.

మన కె.జి.యఫ్. నుండి కోలారు సుమారు 30 కిలోమీటర్లు, బెంగుళూరు సుమారు 100. గనులు నడిచిన కాలంలో ఛాంపియన్ రీఫ్‌లోని కంపెనీ ఆస్పత్రి ఊరంతటికీ ఆధారంగా వుండేది. ఆ ఆధారం గనులతోనే పోయింది. నేడు కోలారులో యస్.యన్.ఆర్. జిల్లా ఆస్పత్రి, టమకలో దేవరాజ్ అరస్ వైద్యకళాశాలకు చెందిన ఆర్.ఎల్. జాలప్ప ఆస్పత్రి వున్నవి. గుండెకు బెంగుళూరులో జయదేవ, మెదడుకు నిమ్హాన్స్ వున్నవి. పక్షవాతం, మూర్ఛ మొదలైన మెదడు జబ్బులకు జిల్లాలోనే చికిత్స అందించాలని నిమ్హాన్స్ సాయంతో 2022 లో మొదలుపెట్టిన కార్యక్రమానికి తొలుత యెంచుకొన్న జిల్లాలలో మన కోలారు ఒకటి.

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 యేండ్ల వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయిన సంగతి మనకందరికీ తెలుసు. ఆయన పేరుతో కర్ణాటక ప్రభుత్వం 2023 లో హృదయజ్యోతి పథకం ప్రారంభించింది. తాలూకా ఆస్పత్రిలోనే ఇ.సి.జి. తీసి, దూరముననున్న నిపుణులకు చూపించి, గుండెపోటు అని తేలితే వేలకొద్ది రూపాయల ఖరీదుగల టెనెక్టిప్లేస్ ఇంజక్షను ఉచితంగా అక్కడే యిచ్చి, తరువాత పెద్ద ఆస్పత్రికి పంపడం దాని ఉద్దేశం. మనలో డబ్బు గలవారు "సర్కారు ఆస్పత్రి యెందుకు, నేరుగా బెంగుళూరు పోదాము" అంటారు. హోసకోటె దగ్గర లారీల మధ్య చిక్కుకొని పోయిన గంటను యే డబ్బూ తిరిగి తేలేదు. మొదట దగ్గరలో ఇ.సి.జి., తరువాత ప్రయాణం. 108 నెంబరు యింటిలో పిల్లలకు కూడా తెలిసివుండవలెను.

వ్రతములు, మందులు

యిప్పుడు మా రెండవ తప్పు. మా అన్నగారు వార్ఫరిన్ మీద వున్నారు. నెల నెలా పరీక్ష సరిగానే వస్తున్నది. శ్రావణ భాద్రపదాలలో పర్యూషణం వచ్చింది. యెనిమిది దినాలు పచ్చికూరలు మానివేశారు, నడుమ మూడు దినాలు ఉపవాసం చేసి అట్ఠమ్ పూర్తి చేశారు. డాక్టరుకు చెప్పవలెనని మాకు తోచనే లేదు. వ్రతం మన సంగతి, మందు డాక్టరు సంగతి అనుకొన్నాము. పారణ జరిగిన మరునాడు పండ్లు తోముకొంటే చిగుళ్ళ రక్తం ఆగలేదు, మూత్రం యెర్రగా వచ్చింది. పరీక్షలో ఐ.ఎన్.ఆర్. 6 దాటింది.

కారణం యిది. వార్ఫరిన్ పనిచేసేది విటమిన్ కె. ను అడ్డుకొని. ఆ విటమిన్ పాలకూర, తోటకూర, మెంతికూర, మునగాకు, కొత్తిమీర, క్యాబేజీలలో అధికంగా వున్నది. దినమూ ఆకుకూర తినేవారికి దానికి తగినట్లు మందు కొలత కుదిరివుంటుంది. హఠాత్తుగా కూర మానితే అదే కొలత యెక్కువైపోయి రక్తస్రావం అవుతుంది. చాతుర్మాసమంతా ఆకుకూర మాని కార్తీక పూర్ణిమ తరువాత ఒక్కసారిగా తింటే దీనికి విరుద్ధంగా మందు చాలక గడ్డ తిరిగి రావచ్చును. అంటే ఆకుకూర తినడం తప్పు కాదు, మానడం తప్పు కాదు. డాక్టరుకు చెప్పకుండా మార్చడమే తప్పు. ఉపవాసం కూడా అంతే.

ఆ డాక్టరుగారు మన మతమువారు కారు. కోపగించుకొంటారని భయపడుతూ సంగతి చెప్పాము. ఆయన కోపపడలేదు. "మీ పంచాంగం ఒకటి నాకివ్వండి సేఠ్‌జీ" అన్నారు. అష్టమి, చతుర్దశి, ఆయంబిల్ ఓళీ, పర్యూషణం అన్నీ అడిగి అన్నగారి పరీక్ష కార్డుమీద గుర్తులు పెట్టుకొన్నారు. మందు సాయంకాలం అయిదు గంటలకు, చౌవిహారానికి ముందు వేసుకొమ్మన్నారు. మందు వున్నన్నాళ్ళు నిర్జల ఉపవాసం వద్దన్నారు. "ముందుగా చెప్పితే నేను చాలావరకు సర్దగలను. చెప్పకపోతే మీ వ్రతము నా మందు రెండూ చెడుతాయి" అన్నారు. పదేండ్లు దాటినా యీ మాట మా యింటిలో మరువలేదు.

క్రొత్త మాత్రలకు ఆకుకూర పట్టింపు లేదు, ఐ.ఎన్.ఆర్. పరీక్షా లేదు. కాని వాటికి వేరే నియమాలున్నవి. రివరాక్సబాన్ పెద్ద కొలత మాత్ర ఆహారముతో వేసుకొంటేనే సరిగా పట్టుతుంది. ఉపవాస దినమున దాని సంగతి యేమని ముందే అడుగవలెను. అపిక్సబాన్ దినమునకు రెండుసార్లు, సుమారు పన్నెండు గంటల యెడముతో వేసుకోవలసినది. నవకారసీకి చౌవిహారానికి మధ్య శీతకాలంలో అంత యెడము దొరకదు. యీ సంగతి చెప్పితే డాక్టరు తగిన మందు యెంచుకోగలరు. యే మందైనా తనంతట తాను ఒక పూట మానరాదు.

మందు దేనినుండి వచ్చినది?

యీ విషయం వ్రాయడానికి మనసు వెనుకాడింది. కాని దాచడం ధర్మం కాదు. హెపారిన్‌ను 1916 లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో జే మెక్లీన్ అను వైద్య విద్యార్థి హొవెల్ అను ఆచార్యుని వద్ద పనిచేస్తూ కనుగొన్నాడు. కాలేయమునకు గ్రీకు మాట నుండి దానికాపేరు వచ్చినది. నేడు దానిని యెక్కువగా పంది ప్రేగుల లోపలి పొరనుండి తీస్తారు. ఎనాక్సపారిన్ కూడా దానినుండి చేసినదే.

ఆ రాత్రి మా అన్నగారికి హెపారిన్ యిచ్చారు. మాకు తెలియదు, అడిగే స్థితిలోనూ లేము. తరువాత తెలిసి ఆయన రెండు దినాలు యెవరితోనూ మాట్లాడలేదు. మా వదినగారు "నేను వద్దని చెప్పివుంటే మిమ్ములను పోగొట్టుకొనేదాన్ని" అని యేడ్చారు. పిదప ఆయన మహారాజ్ సాహెబ్‌గారి సన్నిధిలో ఆలోయణ చేసి, వారు చెప్పిన ప్రాయశ్చిత్తం తీసుకొని మనసు కుదుటపరచుకొన్నారు.

ప్రాణం పోయేవేళ ఆస్పత్రి మంచం ప్రక్కన నిలబడి యీ వాదం పెట్టుకోరాదని నా అభిప్రాయం. వాదం వేసేవారు ఆరోగ్యంగా వుంటారు, ఊపిరి అందనివారు వేరొకరు. యీ ప్రశ్న శాంతిగా వున్నప్పుడు గురువులనూ, డాక్టరునూ అడిగి వుంచుకోవలసినది. మార్గాలు లేకపోలేదు. వార్ఫరిన్ రసాయనముగా తయారగునదే. ఫాండాపారినక్స్ అను ఇంజక్షను జంతువునుండి తీసినది కాదు, పూర్తిగా రసాయనశాలలో తయారగునది. అయితే మూత్రపిండములు బాగా చెడినవారికి అది పనికిరాదు, అన్ని సందర్భములలో హెపారిన్‌కు బదులూ కాదు. రెండేండ్ల క్రితం అన్నగారికి మోకాలి ఆపరేషను అయినప్పుడు మేము నెల ముందే సంగతి చెప్పాము. డాక్టరు మూత్రపిండాల పరీక్ష చూచి, గడ్డ రాకుండా అదే ఇంజక్షను యిచ్చారు. మొదటిసారి తెలియక కలత చెందాము, రెండవసారి అడిగి శాంతి పొందాము. క్యాప్స్యూలు తొడుగులు చాలవరకు జంతువుల జిలాటిన్‌తో చేసినవే. అందునా మాత్ర దొరుకుతుందేమో అడుగవచ్చును.

గుర్తుంచుకోవలసినవి

1. గాదీ మీద గంటకొకసారి లేచి పది అడుగులు వేయండి. రైలులో, బస్సులో పాదములు పైకి క్రిందికి ఆడించండి. పగటివేళ నీరు బాగా త్రాగండి.

2. ఒక్క కాలు వాస్తే మర్దన వద్దు. అదే దినం డాక్టరుకు చూపండి.

3. ఆయాసము, రొమ్ము నొప్పి, మూతి జారడం, చేయి పడిపోవడం – సమయం వ్రాసుకొని వెంటనే బయలుదేరండి.

4. మందు వాడేవారు నొప్పి మాత్రలు, నాటుమందులు డాక్టరును అడుగక వేసుకోరాదు. చాలా నొప్పి మాత్రలు రక్తస్రావము పెంచుతాయి. పండ్ల డాక్టరుకు కూడా మందు సంగతి చెప్పవలెను. నల్లని విరేచనం, ఆగని రక్తం, తలకు దెబ్బ – వెంటనే ఆస్పత్రి.

5. మందు పేరు, కొలత, రక్తవర్గం, వ్రత నియమాలు ఒక చీటీమీద వ్రాసి జేబులో వుంచుకోండి.

6. పర్యూషణమునకు పదిహేను దినాల ముందు డాక్టరును కలవండి. తపస్సు చేయదలచిన రోగి మొదట చేయవలసిన పని యిదే.

మన పెద్దలు ఖాతా పుస్తకం యెవరికీ చూపరు, కాని ఆడిటరుకు దాచరు. డాక్టరు కూడా అటువంటివాడే. మన ఉపవాసము, మన నియమము, మన భయము అన్నీ ఆయన యెదుట విప్పి చెప్పడంలో సిగ్గుపడవలసినది లేదు. శరీరం నిలిచివుంటేనే సామాయికమైనా, తపస్సైనా.

యీ వ్యాసంలో తెలియక యేదైనా తప్పు వ్రాసివుంటే, యెవరి మనసైనా నొప్పించివుంటే, మిచ్ఛామి దుక్కడం.